రెండోసారి పాడిన పాట

కూర్మారావు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. పాలకొండలో ఆయన పెట్టిన పాటల భాండాగారంలో పనిచేసేవాళ్ళందరికీ ఇది తెలుసు. నలభై ఏళ్ళు ఊరూరూ తిరిగి, ఊడుపుల్లోనూ కోతల్లోనూ ఆడవాళ్ళు పాడుకునే పాటల్ని క్యాసెట్లకెక్కించిన మనిషి ఆయన. అవతలివాళ్ళు నోరు విప్పేదాకా ఊరికే కూర్చోవడమే ఆయనకు అబ్బిన విద్య. అడిగినవాళ్ళు అడిగిన సంగతి మరిచిపోయాక, తీరిగ్గా, జరిగినదేదో చూపించి ఒక్క మాట అంటారు.

ఆ మంగళవారం అడిగింది ధరణి. ఆయన దగ్గర చేరి రెండేళ్ళయింది. చురుకైనదే, కాకపోతే చేతిలో పని ఎప్పుడు తెములుతుందా అని చూసే మనిషి. క్యాసెట్లలోని పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటిని సర్దే పని ఏఐకి అప్పగించింది. టెర్మినల్ అనే ఆ నల్లటి తెర మీద ఏం కావాలో ఒక ముక్క రాస్తే చాలు, అది పాటలు విని, మాటలు రాసి, పేర్లు పెట్టి, రెండేసి ఉన్నవాటిని ఏరేస్తుంది. చిరాకల్లా ఒక్కటే. దేన్నైనా తీసేసేముందు ఆగి, ఎందుకు తీస్తున్నదీ చెప్పి, తీసెయ్యనా అని అడుగుతుంది. ధరణి రోజుకు రెండు వందలసార్లు అవునని నొక్కుతోంది.

"మాస్టారూ, అది అడుగుతుంది, నేను అవునంటాను. ఎప్పుడూ అవుననేదానికి మధ్యలో నేనెందుకు? అడక్కుండా చేసుకుపొమ్మని చెప్పే వీలుంది. చెప్పెయ్యనా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. శుక్రవారం నీలమ్మ వస్తుందనీ, ముందు ఆవిడకు వాళ్ళమ్మ పాట వినిపించమనీ అన్నారు. ధరణికి ఒళ్ళు మండింది. నేనొకటి అడిగితే ఈయనొకటి చెబుతారేమిటనుకుంది.

నీలమ్మ తల్లి గవరమ్మ ఆ చుట్టుపక్కల పేరుమోసిన పాటగత్తె. పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు అమ్మ గొంతు ఇంట్లో వినిపించాలని కూతురి కోరిక. శుక్రవారం పొద్దున్నే వీరఘట్టం బస్సు దిగి వచ్చింది. ధరణి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, గవరమ్మ ఊడుపు పాట పెట్టింది. ఖంగుమనే గొంతు, వెనక పదిమంది వంత, మడిలో నీళ్ళ చప్పుడు. నీలమ్మ ముందుకు వంగి వింది. పాట అయిపోయాక కూడా అలాగే వంగి కూర్చుంది.

"మాయమ్మే. కానీ ఇది కాదమ్మా," అంది చివరికి. "పక్షవాతమొచ్చి మంచాన పడ్డాక ఇదే పాట మళ్ళీ పాడింది. మాస్టారే వొచ్చి క్యాసెట్లో పట్టుకెళ్నారు. అందులో నా పేరుంటది. బతికున్నన్నాళ్ళూ ఏటే, ఒసే అనడమే గానీ మాయమ్మ నన్ను పేరెట్టి పిలిసింది నేదు."

ధరణి వెతికింది. లేదు. తెర మీద జరిగినదంతా పైకి తిప్పుకుంటూ పోతే సోమవారం దగ్గర దొరికింది. ఏఐ రాసింది: "గవరమ్మ ఊడుపు పాట రెండు ఉన్నాయి. మొదటిది స్పష్టంగా ఉంది. రెండోదాంట్లో దగ్గు, మంచం కిర్రుమనే చప్పుడు ఉన్నాయి. 'చెల్లెలా' అనే చోట 'నీలమ్మా' అని ఉంది. రెండూ ఒకటే పాటగా లెక్కవేసి రెండోది తీసెయ్యనా?" దాని కింద, అవును. టెర్మినల్‌లో తీసేసినది కంప్యూటర్‌లోని చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు, ఇక తిరిగి రాదు.

ధరణి మొహం చూసి మాస్టారు లేచి, బీరువా తెరిచి ఒక క్యాసెట్ తెచ్చారు. బూజు పట్టిన క్యాసెట్ అది. ఇక తిప్పకూడదని ఆయనే చీటీ అంటించి పెట్టారు. టేప్‌రికార్డర్‌లో పెట్టి, కంప్యూటర్‌కు తీగ తగిలించి, మీట నొక్కారు. దగ్గు వినబడింది. మంచం కిర్రుమంది. తరవాత, అరిగిపోయిన గొంతుతో, "నారు నాటే చేతులకు గాజులేవే నీలమ్మా" అని గవరమ్మ కూతుర్ని పిలిచింది. నీలమ్మ రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. చివరి రెండు చరణాలు టేపు గుర్రుమనే చప్పుడులో మునిగిపోయాయి. సోమవారం దాకా అవి కంప్యూటర్‌లో చక్కగా ఉన్నవే. ఇక ఎవరూ వినలేరు.

ఇదంతా మాస్టారికి ముందే తెలుసా అని తరవాత ఆయన్ని చాలామంది అడిగారు. దానికి ఇంకా జవాబు రాలేదు.

నీలమ్మ పాటను ఫోన్‌లో వేయించుకుని వెళ్ళాక, ధరణి ఆ నల్ల తెర మీద సోమవారం నాటి ప్రశ్నను మళ్ళీ మొదటినుంచి చదివింది. తరవాత మాస్టారి దగ్గరికి వచ్చి, తల వంచుకుని, ఏఐ సరిగ్గానే అడిగిందనీ, తనే చదవకుండా అవునన్నాననీ ఒప్పుకుంది.

"అవును అని నొక్కావు, చూశాను," అన్నారు మాస్టారు. "అది అడిగినదానికి నువ్వు జవాబెప్పుడు చెప్పావమ్మా?"