తాతలనాటి మీసం

పూర్వం ఒక రాజుగారు కోటవీధి ఇళ్ళు తాతలనాటివని మురిసిపోయి, వాటిని కాపాడే పని భుజంగరాయుడికి అప్పగించారు. ఆయన వెంటనే చాటింపు వేయించాడు: పాత ఇంటి మీద కొత్తగా పిడికెడు మన్నైనా పడకూడదని.

ఆ వీధిలోనే నేతపని చేసుకునే సుంకమ్మ చెవినా ఆ చాటింపు పడింది. ఆమెది మట్టిమిద్దె. అలాంటి మిద్దె మీద ఏటా వానలకు ముందు చవుడు పోయాలి. చవుడంటే నీటిని కిందికి దిగనివ్వని మట్టి. అది పోయకపోతే మిద్దె కారి, మగ్గమూ దాని మీది సగం చీరా నానిపోతాయి.

సుంకమ్మ కొలువుకు వెళ్ళి, రాజుగారి ఎదుటే భుజంగరాయుణ్ణి పలకరించింది.

"దొరా, మీసం భలేగా ఉంది. కొత్తగా పెంచారా?"

"కొత్తేమిటి? మూడు తరాలుగా మా ఇంట్లో ఇదే తీరు," అని ఆయన మీసం మెలేశాడు.

"మంగలి చెయ్యి పడకుండానే ఇలా నిలిచిందా?"

"వారం వారం కత్తిరించకపోతే నోట్లోకి రాదూ?"

"మా మిద్దె కూడా అంతే దొరా. ఏటా చవుడు పోస్తేనే అది పాత మిద్దె. లేకుంటే ఒట్టి మట్టిదిబ్బ."

"మీసం వేరు, మిద్దె వేరు," అని ఆయన కసిరాడు.

సుంకమ్మ రాజుగారి వైపు తిరిగింది. "ప్రభూ, ఈయన మీసమూ తాతలనాటిదేనట. నా మిద్దెను ముట్టుకోనిచ్చేదాకా ఆ మీసాన్నీ ఎవరూ ముట్టుకోకుండా కాపాడండి."

"న్యాయమే," అన్నారు రాజుగారు.

సాయంత్రానికల్లా కోటవీధిలోకి చవుడు బండ్లు వచ్చాయి. ముందు బండిని దారి చూపిస్తూ తోలించుకొచ్చింది భుజంగరాయుడే.