నక్క కూర్చున్న చోటు

ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. చెరువంతా బీటలు వారి, నడిమధ్యన ఒక్క మడుగు మిగిలింది. అది అడవి మందకూ ఊరి మందకూ కలిపి చాలదు. కొట్టుకు చచ్చేకన్నా ఫుట్‌బాల్ ఆడి తేల్చుకుందామన్నారు. గెలిచినవాళ్లదే మడుగు, వానలు పడేదాకా. ఓడినవాళ్లు కొండ దాటి వాగు వెతుక్కోవాలి. పెద్దవాళ్లు ఎలాగో నడుస్తారు గానీ, మేక చుక్కమ్మ పిల్లలు మాత్రం దారిలోనే రాలిపోతాయి.

రిఫరీ ముసలి ఎద్దు పోలన్న. మాట తక్కువ, నెమరు ఎక్కువ. మెడలో గంట మోగిస్తే ఆట ఆగాలి. అడవి జట్టు గోల్‌కీపర్ నక్క బంగారయ్య. పేరుకే బంగారం, బుద్ధి కాకిబంగారం! ఆట సమానమైతే మడుగు అడవిదేనని ముందే అందరినీ ఒప్పించి కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి చెరొక గోలు. అప్పుడు తోడేలు జగ్గులు చుక్కమ్మను వెనకనుంచి పడదోశాడు. గంట మోగింది. పెనాల్టీ! ఇక ఇదే ఆఖరి తన్ను.

చుక్కమ్మ ఒకసారి పిల్లల వైపు చూసింది. నాలుకలు బయటపెట్టి పడున్నాయి. పరిగెత్తి తన్నింది. అందరి కళ్లూ బంతి మీదే. ఆ క్షణంలోనే బంగారయ్య గోలు హద్దుగా పాతిన తుమ్మగుంజను పెరికి మూరెడు లోపలికి పాతేశాడు. దుమ్ము లేచింది. బంతి గుంజ పక్కనుంచి దూసుకుపోయింది.

"బయటికి! బయటికి పోయింది!" అని తోడేళ్లు గంతులేశాయి.

"అన్యాయం! గుంజ జరిపాడు!" అని చుక్కమ్మ అరిచింది.

"నేనా? అయ్యో రాత! జరిపితే పాత గుంత ఉండాలిగా? ఏదీ, చూపించమ్మా!" అన్నాడు బంగారయ్య, కదలకుండా చతికిలబడి.

పోలన్న దగ్గరికొచ్చాడు. "లేవరా బంగారయ్యా."

"నడుం పట్టేసింది మామా. ప్రాణం పోతోంది."

"నీ కింద గుంత ఉందని ఎవరూ అనలేదే, ఆ తోకెందుకురా అలా పరిచావు?"

"దుమ్ము పడకుండా మామా!"

ఎద్దు కాసేపు నెమరేశాడు. తోడేళ్లు చుట్టూ చేరి గుర్రుమంటున్నాయి. పోలన్న నోట్లో కూడా తడి లేదు.

"సరే. గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలితే ఆట ఆపాలి. ఆట ఆగితే గెలుపు తేలదు. తేలేదాకా మడుగు ఎవరూ ముట్టకూడదు, నాతో సహా," అని పోయి మడుగు గట్టున కొమ్ములు వంచి నిలబడ్డాడు. "పడుకోరా అబ్బాయ్. నీకెంతసేపు కావాలంటే అంతసేపు."

నీళ్లు కళ్లముందే మెరుస్తున్నాయి. తోడేళ్ల నాలుకలు వేలాడాయి. గుర్రుమన్నవాళ్లే గునిశారు.

"బంగారయ్యా, లేవరా. గొంతు ఎండిపోతోంది," అన్నాడు జగ్గులు.

"ఇంకాస్త ఓర్చుకో అన్నా..."

"ఓర్చుకోవడమా? నీ నడుం కోసం మా ప్రాణాలు తీస్తావుట్రా!" అని జగ్గులు తోక పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

బంగారయ్య కింద గుంత నోరు తెరుచుకుని ఉంది. లోపలి మన్ను ఇంకా చెమ్మగానే ఉంది. దుమ్ములో బంతి దొర్లిన జాడ ఆ గుంతకు లోపలి వైపునుంచే పోయింది.

"ఆట మొదట్లో గుంజ ఎక్కడుందో అదే హద్దు. గోలు!" అని పోలన్న గంట గణగణలాడించాడు. నోటితో ఒక మోదుగపువ్వు తెచ్చి నక్క ముందు పడేశాడు. "ఇది నీ ఎర్రకార్డు. ఇక నడు."

చుక్కమ్మ పిల్లలు మూతులు ముంచి తాగాయి. చుక్కమ్మ నిలబడి ఏడ్చింది. తోడేళ్లు కొండదారి పట్టాయి. బంగారయ్య వాళ్ల వెంట పోబోతే జగ్గులు వెనక్కి తిరిగి పళ్లు చూపించాడు.

గుంజను పీకగలిగినవాడు కూడా గుంతను మోసుకుపోలేడు.