సముద్రం అవతలి తీర్పు

సముద్రం దాటివచ్చిన వర్తకుడొకడు కమ్మరి నూకాలు మొగుడికి కొత్తరకం ఉక్కుకొలిమి కట్టడం నేర్పాడు. ఈ విద్య ఇంకెవరికీ చెప్పకూడదని, పేచీ వస్తే తన దేశంలోనే, తన దేశపు చట్టం ప్రకారమే తేలాలని ఒప్పందం రాయించుకున్నాడు. ఆ కొలిమి పేలి మొగుడు చచ్చిపోయాడు. నూకాలు ఏడుస్తూ కొలువుకెళ్తే, "ఇందులో మేం కలగజేసుకోలేం. ఓడెక్కి అక్కడికే వెళ్లు" అన్నాడు రాజు. కూటికి లేనిది ఓడెక్కుతుందా?

ఆమె కొలిమిలోని లోపం సరిదిద్ది, ఇంకెవరూ చావకూడదని తోటి కమ్మరులందరికీ నేర్పింది. వర్తకుడు మండిపడి, తన దేశంలో ఆమె మీద తీర్పు రాయించుకుని కొలువుకి పట్టుకొచ్చాడు. రాజు నూకాల్ని పిలిపించాడు.

"మా విద్య బయటపెట్టింది మహారాజా! మీ భటుల్ని పంపి దీని కొలిమి కూలగొట్టించండి."

"మారాజా, నా మొగుడి చావు గురించి అడగడానికి లేని హక్కు, నా కొలిమి కూల్చడానికి ఈ కొలువుకి ఎక్కణ్ణుంచొచ్చింది?" అంది నూకాలు. వర్తకుడి వైపు తిరిగి, "తీర్పు తెచ్చిన చోటినుంచే భటుల్నీ తెచ్చుకో అయ్యా. నీకు ఓడలున్నాయిగా!"

రాజు మాట రాజు మెడకే చుట్టుకుంది. "ఇందులో మేం కలగజేసుకోలేం" అన్నాడు మళ్లీ, ఈసారి తల దించుకుని.

వర్తకుడు ఉత్తచేతులతో ఓడెక్కాడు. నూకాలు ఇంటికెళ్లి కొలిమి రాజేసింది. మొగుడు ఊదే తిత్తి తనే ఊదుకుంది.