వాన కోసం వనాన్ని వేల్చిన రాజు

పూర్వం త్రేతాయుగపు తొలినాళ్లలో, వేణుమతీ నది జలధరగిరి మీదినుంచి దిగివచ్చే చోట, ఆర్జవపురమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, హవ్యకేతుడనే మహారాజు ధర్మం తప్పకుండా రాజ్యమేలుతుండేవాడు. అతిథికి పెట్టనిదే తాను తిననివాడు, ఆడినమాట తప్పనివాడు, ప్రజల ఆకలిని తన ఆకలిగా ఎంచినవాడు. అంతటి ఉత్తముడి చేతుల మీదుగా అంత పెద్ద చెడు జరిగిందంటే నమ్మబుద్ధి కాదు గాని, జరిగింది. దుర్మార్గుడు తప్పు చేస్తే పదిమందీ వేలెత్తి చూపుతారు. భక్తుడు భక్తితో చేసిన తప్పుకు అందరూ చేతులెత్తి మొక్కుతారు.

ఒక ఏడు వాన కాస్త వెనకబట్టింది. రాజు కలతపడి, ఋత్విజులను రప్పించి, పర్జన్యదేవుని ప్రీతికై యజ్ఞం చేయించాడు. ఆ దేశంలో ఒక ఆచారముంది. యజ్ఞానికి రాలిన పుల్ల పనికిరాదు. పాలుకారే పచ్చి మేడి కొమ్మలూ రావి కొమ్మలూ సమిధలు కావాలి, అవీ జలధరగిరి మీదివే కావాలి. యజ్ఞశాల ముందు నాటే యూపస్తంభానికైతే కొండమీద అన్నిటికన్నా నిటారుగా ఎదిగిన చెట్టునే కొట్టాలి. ఆ ఏడు నాలుగు చినుకులు పడ్డాయి. మరుసటి ఏడు అవీ తగ్గాయి. "హవిస్సు చాలలేదు ప్రభూ" అన్నారు ఋత్విజులు. రాజు హవిస్సును పెంచాడు. చెట్లు తగ్గినకొద్దీ వాన తగ్గింది, వాన తగ్గినకొద్దీ యజ్ఞం పెరిగింది, యజ్ఞం పెరిగినకొద్దీ చెట్లు తగ్గాయి. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. నరికిన కొమ్మను మంత్రం చదివి అగ్నిలో వేస్తుంటే మాత్రం నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

చివరికి కొండనెత్తిన ఒక్క మేడితోపు మిగిలింది. రాలిన ఆకులే ఆహారంగా బతికే శీతపర్ణ మహర్షి ఆశ్రమం అది. గొడ్డళ్లవాళ్లను వెంటబెట్టుకొని రాజు స్వయంగా వెళ్లి, పాదాలకు మొక్కి, వచ్చిన పని విన్నవించుకున్నాడు.

ఆ తపోధనుడు రాజు ముఖంలోకి చూసి, "మహారాజా, నీవు ధర్మాత్ముడవని ఎరుగుదును. అందుకే శపించడం లేదు, అడుగుతున్నాను. పర్జన్యుడు ఆకాశంలో సంచరించేవాడే అయినా నేలకు దిగేందుకు ఒక చల్లని చోటు కోరుకుంటాడు. ఈ రాజ్యంలో ఆయనకు మిగిలిన చోటు ఇదొక్కటే. దీన్ని విడిచిపెట్టు" అన్నాడు.

"మహాత్మా, నా ప్రజల నోళ్లు ఎండిపోతున్నాయి. చెట్టుగా పుట్టినందుకు దేవతలకు సమిధ కావడం కన్న ఉత్తమగతి ఏముంటుంది? ఈ ఒక్క యజ్ఞానికి అనుగ్రహించండి."

"ఆ మాట చెట్టును అడిగావా నాయనా?" అని మాత్రం అన్నాడు మహర్షి. కమండలువు చేతబట్టి, ఒక్కొక్క చెట్టు మొదలునూ అరచేత్తో నిమిరి, ఉత్తరదిక్కుగా నడిచి వెళ్లిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా రాజు చేతులు జోడించే ఉన్నాడు. జోడించిన ఆ చేతులు వదిలి నాలుగడుగులు వెంట నడిచి, వెనక్కి పిలిచి ఉంటే ఎంత బాగుండేది. పిలవలేదు. గొడ్డళ్లవాళ్లకు తల ఊపాడు.

ఆ సమిధలతో జరిగిన యజ్ఞంలో, పూర్ణాహుతి వేళ, విద్యున్మాలాధరుడైన పర్జన్యుడు అగ్నిగుండం మీద నిజంగానే సాక్షాత్కరించాడు. పెదవులు ఎండిపోయి, ఆ నల్లని దేహమంతా దుమ్ముకొట్టుకొని ఉన్నాడు.

"హవ్యకేతూ, నేను కూర్చునే పీటను విరగ్గొట్టి, దానితోనే వంటచేసి నాకు వడ్డించావు. యజ్ఞధర్మానికి కట్టుబడినవాణ్ణి గనుక తిన్నాను. వరం కూడా ఇచ్చితీరాలి. వాన కోరుకో, ఇప్పుడే కురుస్తాను. కాని వేళ్లు పట్టని మన్ను నా ధారకు నిలవదు. కొండ కరిగి నదిలోకి, నది నీ నగరంలోకి వస్తాయి. ఏమంటావు?"

అప్పుడు తెలిసింది ఆ మహారాజుకు, తాను ఏళ్ల తరబడి చేసిందేమిటో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. పట్టుకుందామన్నా ఆ కొండమీద ఆకు లేదు. ఆయన, "దేవా, ఈ వరాన్ని నీ దగ్గరే ఉంచు. కొండ నిన్ను మోయగలిగిన నాడు అడుగుతాను" అన్నాడు. పర్జన్యుడు అంతర్ధానమయ్యాడు.

కిరీటం తీసి, యజ్ఞశాల వాకిట నిలబడి, రాజు జరిగినదంతా ప్రజలకు చెప్పి, కొండమీద మళ్లీ చెట్లు పెంచాలన్నాడు. చేతికందిన వానను వద్దన్నాడని తెలిసి జనం భగ్గుమన్నారు. గోమతమ్మ అనే గొల్ల ముసలమ్మ అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నాయనా రాజా, నా మందంతా చచ్చింది. మిగిలిన ఒక్క ఆవు నెయ్యి కూడా తెచ్చి నీ గుండంలో పోశాను, వానొస్తుందన్నావు గనక. ఇప్పుడేమో కొండమీద మొక్కలు పెట్టి నీళ్లు పొయ్యాలంటున్నావు. మాకు తాగను లేవు. నీ మాట ఎట్టా నమ్మేది?"

"నమ్మవద్దు తల్లీ. నా వంతుకు వచ్చే నీళ్లలో సగం రేపటినుంచి కొండకు వెళ్తాయి, నా భుజం మీదే వెళ్తాయి. మీకు తోస్తే రండి, లేకపోతే మానండి. ఇన్నాళ్లూ నేను ఆజ్ఞాపిస్తే అందరూ వచ్చి కొండను బోడి చేశారు. ఇక ఆజ్ఞాపించను" అన్నాడు రాజు.

అన్నట్టే కావడి భుజాన వేసుకొని ఒంటరిగా కొండెక్కాడు. కొట్టేసిన మొద్దుల పక్కన, రాతి నెర్రెల్లో, పక్షులు విడిచిన గింజలు మొలిచి కనిపిస్తే వాటికి పోశాడు. దారిలో జనం చూసి వెక్కిరించారు. కొన్నాళ్లకు గోమతమ్మ చిన్న ముంతతో ఎదురైంది.

"నిన్ను క్షమించి రాలేదులే. ఆ తోపులో కూర్చోబెట్టుకుని ఆ మహానుభావుడు నా మనవరాలికి జ్వరం దించాడు. ఆయన చెట్లకు పోస్తున్నా. నీకు కాదు."

"అలాగే పొయ్యి తల్లీ" అని రాజు పక్కకు తప్పుకొని దారి ఇచ్చాడు.

ముసలమ్మ వెళ్తుంటే పడుచువాళ్లకు ఊరికే కూర్చోవడం సిగ్గనిపించింది. కుమ్మరులు అడుగున చిల్లిపెట్టిన కుండలు చేసి, చుక్కచుక్కగా వేళ్లకు దిగేట్టు పాతారు. గొల్లలు మేకలను అటు పోనీయలేదు. రాళ్లు మోయగలిగినవాళ్లు వాలుకు అడ్డంగా కట్టలు వేశారు. అందరికన్నా ఆలస్యంగా, తలలు వంచుకొని, ఋత్విజులు వచ్చారు. గుండంలో నెయ్యి పోసిన కొయ్యగరిటెలైన స్రువాలతోనే మొక్కలకు నీళ్లు పోశారు. పోసినవన్నీ బతకలేదు. ఎన్నో ఎండాయి, దాహానికి తాళలేక ఎన్నో కుటుంబాలు దేశం విడిచిపోయాయి. వెళ్తున్న ప్రతి బండినీ రాజు పొలిమేరదాకా సాగనంపి, క్షమించమని అడిగి, తిరిగి కావడి ఎత్తుకునేవాడు.

రాజు తల నెరిసింది. చెట్లు తలెత్తాయి. ముందు కొండనెత్తిన పొగమంచు నిలవడం మొదలైంది. తరువాత ఒక ఆషాఢ మాసపు మధ్యాహ్నం వాన వచ్చింది, ఉరుములు లేవు, ఉద్ధృతి లేదు, నేల తాగగలిగినంతే కురిసింది. వేణుమతి బురద లేకుండా తేటగా పారింది. జనం వీధుల్లో తడుస్తూ నవ్వుతూ ఏడుస్తూ ఉండగా, కొండమీద ఒంటరిగా ఉన్న రాజు ఎదుట పర్జన్యుడు నిలిచి, "రాజర్షీ, నీ వరం నా దగ్గరే ఉంది. అడుగు" అన్నాడు.

"వాన వచ్చింది గదా స్వామీ."

"అది దాని దారిన అది వచ్చింది. మీ చేతుల ఫలం. వరం ఇంకా మిగిలే ఉంది."

"అయితే శీతపర్ణ మహర్షిని ఒక్కసారి చూపించు. ఎన్నో దిక్కులకు మనుషులను పంపాను, కనబడలేదు. ఆయన కాళ్లమీద పడాలి."

"ఆయన హిమవంతంలో దేహం చాలించి చాలాకాలమైంది. పోయినవారిని తేవడం నా చేతిలో లేదు."

"నన్ను గురించి ఏమైనా అన్నారా?" అని అడిగాడు రాజు.

"నీ పేరే ఎత్తలేదు."

 ఆయన శపించి ఉన్నా ఇంతకన్న మేలు అనిపించింది హవ్యకేతుడికి. వానలోనే చేతులు జోడించాడు.

ఆ కాలంలో పచ్చికట్టె అయినా ఎండుకట్టె అయినా నిప్పులో ఒక్కతీరునే మండేదట. అందువల్ల ప్రాణమున్నదాన్ని కాలుస్తున్నామనే స్పృహ ఎవరికీ కలిగేది కాదు.

"దేవా, ఆ తోపును అగ్నికి ఇచ్చిన నాడు నా కంట చుక్క రాలలేదు. ఇకమీదట పచ్చని చెట్టును నిప్పులో పెట్టినవాడు ఎవడైనా సరే, రాజు గానీ ఋత్విజుడు గానీ, ఆ క్షణంలోనే ఏడవాలి. నాలాగ ఆలస్యంగా కాదు. ఇదే నా కోరిక."

"తథాస్తు" అన్నాడు పర్జన్యుడు.

అది మొదలు ఆ రాజ్యంలో రాలిన పుల్లలే సమిధలయ్యాయి, నెలకు మూడు వానలు కురిశాయి, వలసపోయినవారిలో కొందరు తిరిగి వచ్చారు, ధర్మం కుదుటపడింది. ఈ కథ విన్నంత మాత్రాన పుణ్యలోకాలు వస్తాయని నేను చెప్పలేను. ఒక మొక్కకు తన నీళ్లలో వాటా పెట్టినవాడికి వస్తే రావచ్చు. పచ్చికట్టె పొయ్యిలో పెడితే దాని కొన నుంచి నీరు కారుతుంది, పొగ కమ్ముతుంది, పెట్టినవారు కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్లు హవ్యకేతుడివి.