గవరమ్మ సంచీ, పావుకిలో వడపప్పు

మఠం వంటశాలలో దొంగతనం జరుగుతోందని సన్యాసయ్యకు అనుమానం వచ్చింది. సామాన్ల కొట్టు తాళాలు ఆయన మొలకే వేలాడుతుంటాయి. ఆయనకా పేరు పెట్టినవాళ్ళు తాళాల సంగతి ఊహించి ఉండరు.

శనివారం వడపప్పు ప్రసాదం. రెండు కిలోల పెసరపప్పు ఆయనే తూచి ఇస్తాడు. వంటమనిషి గవరమ్మ నానబెట్టి నీళ్ళు ఓడ్చాక మళ్ళీ ఆయనే తూస్తాడు. పన్నెండేళ్ళుగా నాలుగు కిలోలు తూగేది. మూడు వారాలుగా పావుకిలో తగ్గుతోంది.

ఆ మధ్యే విశాఖపట్నం భక్తురాలొకావిడ ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి వెళ్ళింది. లోపల చిల్లుల బుట్ట, మూత మీద పిడి. పిడి తిప్పితే బుట్ట గిర్రున తిరిగి, కడిగిన ఆకుల్లోని తడి వదిలిపోతుంది. పచ్చి ఆకులు తినేవాళ్ళ కోసమట. మఠంలో అలాంటివాళ్ళు ఆవులే. గవరమ్మ అందులో సగ్గుబియ్యం, సొరకాయ తురుము వేసి చూసి, చివరికి వడపప్పు దాకా వచ్చింది.

సన్యాసయ్య ఆమె సంచీ రోజూ వెతికాడు. అందులోని ముంత వాసన చూశాడు. ఒక సాయంత్రం ఆమె వెనకే మా వీధి అరుగుల వెంట నక్కి నక్కి నడిచాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. మేం అరుగుల మీద జరిగి మరీ దారిచ్చాం. వంటశాల వెనక కరివేపాకు మొక్క ఈమధ్య ఏపుగా పెరగడం కూడా ఆయనకు నచ్చలేదు.

"నన్నెతికితే ఏటి దొరుకుతాది బాబూ, మోకాళ్ళ నొప్పులు తప్ప," అంది గవరమ్మ.

నాలుగో శనివారం ఆయన స్వామివారి దగ్గరికి వెళ్ళాడు. "ఆమెను పంపించేద్దాం స్వామీ. ఇవాళే."

స్వామివారు లేచి వంటశాలకు వచ్చారు. గవరమ్మను గుమ్మం బయట కూర్చోమన్నారు. నానబెట్టి ఓడ్చిన పప్పు తనే బుట్టలో వేసి, మూతపెట్టి తిప్పారు. నాలుగు విడతలు పట్టింది.

"తూచు నాయనా."

మూడు కిలోల ముప్పావు.

"చూశారా స్వామీ! ఇవాళ కూడా పావుకిలో పోయింది!"

స్వామివారు భుజం మీది జోలె తీసి ఆయన ముందు పెట్టారు.

"వెతుకు."

సన్యాసయ్య చెయ్యి జోలె దాకా వెళ్ళింది. నిజం చెప్పాలంటే రెండు వేళ్ళు లోపలికి కూడా పోయాయి. అలవాటు. అక్కడ ఆగిపోయాయి. పక్కనే డబ్బా అడుగున పప్పు నీళ్ళు ఇంకా మెల్లగా సుడి తిరుగుతున్నాయి.

ఆ సుడి ఆగేదాకా ఆయన అలాగే చూశాడు.

"పారబొయ్యకు బాబూ," అంది బయటినుంచి గవరమ్మ. "కరేపాకు మొక్కకి పోస్తుంటాను."

ఆయనే తీసుకెళ్ళి పోసొచ్చాడు.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ గవరమ్మ రోజూలాగే సంచీ తెరిచి పట్టుకుంది. సన్యాసయ్య లోపలికి చూడలేదు. దాని మూతి ముడివేసి, తన భుజానికి తగిలించుకుని, ఆమె పక్కనే వీధి చివరిదాకా నడిచాడు.

మేం మళ్ళీ అరుగుల మీద జరిగాం. ఆ సంచీలో ఏముందోనని ఇప్పుడు మాకు అనుమానం.