మొక్కు కట్టెల పొయ్యి

దర్గా వంటశాలలో దస్తగిరి కట్టిన కొత్త పొయ్యి మూడు వారాలైనా వెలగలేదు. దాని పక్కనే వంటామె హుసేన్‌బీ మూడు రాళ్లు పెట్టుకుని, పొగకు కళ్లు తుడుచుకుంటూ, ఎప్పటిలాగే వండుతోంది.

పొయ్యి మండలేదు గానీ దస్తగిరికి ఒళ్లు మండుతోంది.

పట్నంలో డిజైనరు అనిపించుకుని, మనసు కుదురు కోసం ఆ దర్గా గురువు పీరాన్ సాహెబు దగ్గర శిష్యుడిగా చేరినవాడతను. కొండ మీద చెట్లు పలచబడుతున్నాయని, సగం కట్టెతోనే వంటయ్యే పొయ్యి కోసం నెల రోజులు కూర్చుని బొమ్మలు గీశాడు. పొగ పైకి పోయేలా గొట్టం పెట్టాడు. ఎర్రమట్టితో నున్నగా అలికాడు. చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. వండేవాళ్లు మాత్రం దాని మీద ఉల్లిపాయల గంప పెట్టుకున్నారు.

దర్గాలో ఏటా జరిగే ఉరుసు పండుగ నాలుగు రోజుల్లో ఉంది. మూడు వందల మందికి వండాలి.

"సాహెబ్, నేను పట్నం పోతాను," అన్నాడు దస్తగిరి గురువుతో. "వాళ్ల మేలు కోరి చేస్తే వాళ్లకే అక్కర్లేదు. మీరైనా ఒక మాట చెప్పండి."

"ఎందుకు వాడలేదో అడిగినావా?"

"అడిగేదేముంది సాహెబ్? వాళ్లకు అలవాటు లేదు, అంతే."

పీరాన్ సాహెబు లేచాడు. మూలనున్న గడ్డపార తెచ్చి హుసేన్‌బీ చేతికిచ్చాడు.

"నీకు అడ్డమొచ్చే కాడ పగలగొట్టమ్మా."

"అయ్యో, పిల్లోడు అంత కష్టపడి కట్టినాడే!"

"పొగ మింగేది నువ్వు కదా. కొట్టు."

మొదటి దెబ్బకు దస్తగిరి కళ్లు మూసుకున్నాడు. రెండోది పడింది, మూడోది పడింది. నాలుగోది పడలేదు. కళ్లు తెరిచి చూస్తే పొయ్యి నోరొక్కటే జానెడు పెద్దదైంది. తక్కినదంతా చెక్కుచెదరలేదు.

"అంతేనా?"

"అంతే నాయనా. ఆ గొట్టం ఎంత బాగుండాదో! నీకెట్ల తోచిందో గానీ. ఈ నోట్లోకే కట్టె పట్టేది కాదు."

"చీల్చుకుంటే పట్టేది కదా పెద్దమ్మా?"

హుసేన్‌బీ ముక్కున వేలేసుకుంది. "మొక్కు కట్టెకు గొడ్డలి పెడతారా ఎవురైనా?"

ఆ దర్గాకు మొక్కుకున్నవాళ్లు తలా ఒక మోపు నెత్తిన పెట్టుకొస్తారు. వంకర చింతకొమ్మ అయినా, కంది కంప అయినా, వచ్చింది వచ్చినట్టే పొయ్యిలోకి పోవాలి. ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. దస్తగిరి నెల రోజులు బొమ్మలు గీసింది ఆ కట్టెల గుట్ట పక్కన కూర్చునే. పాపం, అతనికి చచ్చేంత సిగ్గేసింది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నువ్వు అడగలే. చదువుకున్నోడు, మనకెందుకులే అనుకుంటిమి."

అతను పొయ్యి ముందు చతికిలబడ్డాడు. కాసేపు చూసి, "నోరు ఇంత పెద్దదైతే వేడంతా బయటికే పోతుంది. కట్టె ఆదా కాదు," అన్నాడు దిగులుగా.

హుసేన్‌బీ పెరట్లోకి పోయి పగిలిన కుండ పెంకు తెచ్చింది. ఒక వంకర కొమ్మ దూర్చి, మిగిలిన సందుకు పెంకు అడ్డం పెట్టింది. అది జారిపడింది. దస్తగిరి దాన్ని కాస్త వాలుగా ఆనించి, కింద మట్టితో చిన్న గట్టు కట్టాడు. ఈసారి నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. హుసేన్‌బీ ఉల్లిపాయల గంప దించేసింది.

ఉరుసు నాడు మూడు వందల మందికీ అన్నం ఉడికింది, ఇంకా కట్టె మిగిలింది. హుసేన్‌బీ కళ్లు తుడుచుకోనే లేదు.

ఉరుసుకు వచ్చిన కొండ అవతలి దర్గా పెద్ద ఒకాయన పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "భలే ఉందప్పా! దీని పటం గీసియ్యి. మా కాడ గూడా ఇట్లాంటిదే కట్టించుకుంటాం."

నెల కిందటైతే దస్తగిరి ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు అన్నానికి చేతులు కడుక్కుంటూ, "మీ దగ్గర వండేదెవరు?" అని అడిగాడు.

"వంటోళ్లతో మనకేం పని? పటం ఇయ్యి, చాలు."

"రేపు నేనే వస్తాను. ముందు వాళ్లతో కూర్చుని నాలుగు రోజులు పొయ్యిలో కట్టె పెడతాను."

బంతిలో కూర్చుని తింటున్న పీరాన్ సాహెబు తలెత్తకుండానే అన్నాడు:

"హుసేన్‌బీ, ఈ పిల్లోనికి ఇంకో గరిటె ఎక్కువ పెట్టమ్మా. రేపు కొండ దాటాల."