జగ్గరాజుగారి లక్కముద్ర

లంకల జమీందారు జగ్గరాజుగారికి అనుమానం జాస్తి. ఉప్పుజాడీకి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోయి చప్పిడికూడు తిన్న రోజులున్నాయి. అది అలా ఉంచండి. కొత్త మోటారుపడవ కొన్నాక, పెట్రోలు దొంగిలిస్తారని ట్యాంకు మూతమీది గాలికన్నాన్ని లక్కతో పూడ్చి, ఉంగరంతో ముద్ర వేశారు.

కాసేపు నడిచిన మోటారు నడిగోదాట్లో ఊపిరాడనట్టు ఆగిపోయింది. పడవలో ఉన్న రాజుగారు దాన్ని నడిపే పోలయ్యమీద విరుచుకుపడ్డారు.

"పెట్రోలు కాజేశావురా పోలయ్యా! రేపట్నుంచి పనిలోకి రాకు."

కారణం పోలయ్యకి తెలుసు. కానీ తప్పు తమదేనంటే రాజుగారు ఊరుకుంటారా?

"చిత్తమండి. ఎండగా ఉంది, ముందు దాహం తీర్చుకోండి," అంటూ కొబ్బరిబొండానికి చిన్న కన్నం పొడిచి అందించాడు.

రాజుగారు పెదాలు బిగించి పీల్చారు. బుగ్గలు లోపలికి పోయాయిగాని నీళ్లు రాలేదు.

"ఏవిట్రా ఇది? గాలి పోవడానికి రెండో కన్నమేదీ?"

"పెడితే దొంగలు తాగేస్తారనండి."

రాజుగారు బొండాన్ని చూశారు, ట్యాంకు మూతను చూశారు. గోటితో లక్క గీకేశారు. పోలయ్య తాడు లాగితే మోటారు బుడబుడమంటూ లేచింది.

"మరి రేపు నేనండీ?"

"పెందలాడే రా. ముందా బొండానికి రెండో కన్నం పెట్టు!"